పాత వీల్ హార్స్ సి-120కి బెల్టు గార్డు లేదు, ఎవరైనా సాయం చేయండి

పెరటితోట_ఇండియానా (శనివారం రాత్రి)

అందరికీ నమస్కారం. మూడు వారాల క్రితం మా ఊరి పక్కన ఒక పెద్దాయన గ్యారేజీ ఖాళీ చేస్తుంటే ఆయన దగ్గర వీల్ హార్స్ సి-120 తోట ట్రాక్టరు కొన్నాను. 1970ల నాటి బండి, 12 హార్స్‌పవర్ కోలర్ ఇంజను, 8 స్పీడు గేర్‌బాక్సు, అంటే ముందుకు 6, వెనక్కి 2. కార్బురేటర్ కడిగి, ప్లగ్గు, పాయింట్లు మార్చి, కొత్త బ్యాటరీ పెట్టగానే రెండో క్రాంకుకే అందుకుంది. ఆ శబ్దం వినగానే మా నాన్నగారు లోపలి నుంచి పరిగెత్తుకొచ్చారు.

సమస్య ఏంటంటే దీనికి బెల్టు గార్డు లేదు. ఇంజను పుల్లీ నుంచి వెనక గేర్‌బాక్సు పుల్లీ దాకా బెల్టు మొత్తం బయటికే కనిపిస్తుంది, అదీ కూర్చున్నవాడి కాలు పక్కనే. అమ్మినాయన్ని అడిగితే తను కొన్నప్పుడే లేదన్నాడు. ఫ్రేముకి రెండు ఖాళీ బోల్టు రంధ్రాలు మాత్రం ఉన్నాయి. నాన్నగారు తెనాలి దగ్గర మా ఊర్లో 40 ఏళ్లు వ్యవసాయం చేసిన మనిషి, ఇక్కడికి ఆరు నెలలకని వచ్చారు, ఈ బండితో పెరడు దున్ని గోంగూర, బెండ వేస్తానని పట్టుబట్టారు. ఆయన లుంగీ కట్టుకునే తిరుగుతారు. మా పాపకి అయిదేళ్లు, బండి స్టార్ట్ అయితే చాలు దగ్గరికి వచ్చేస్తుంది. అందుకే నాకు టెన్షన్. గార్డు కొనాలా, నేనే చేసుకోవాలా, చేస్తే ఎలా?

ఇంకో సంగతి, దీనికి సంబంధం ఉందో లేదో తెలియదు. క్లచ్ పూర్తిగా తొక్కినా గేరు వేసేటప్పుడు కర్రుమని పళ్లు రాసుకుంటున్నాయి, ఒక్కోసారి క్లచ్ మీద కాలు ఉండగానే బండి మెల్లగా ముందుకి పాకుతోంది.

ఒహాయో_గడ్డికోత

బ్రో, మంచి బండి కొట్టావ్. గార్డు గురించి అంత కంగారు అక్కర్లేదు, నా దగ్గర ఇలాంటిదే ఇంకో కంపెనీ బండి తొమ్మిదేళ్ల నుంచి కవరు లేకుండానే నడుస్తోంది. బెల్టు మార్చడం కూడా ఈజీ. పాపని దూరంగా ఉంచు, నాన్నగారికి ప్యాంటు వేయించు, సరిపోతుంది. ముందు ఆ క్లచ్ సంగతి చూడు, బెల్టు సాగిపోయి ఉంటుంది.

మిషిగన్_ఎర్రబండి

పెరటితోట గారూ, మీరు అడిగిన రెండు ప్రశ్నలూ ఒకటే ప్రశ్న. గార్డు లేకపోవడం వల్లే మీ క్లచ్ వదలడం లేదు అని నేను గట్టిగా అనుకుంటున్నాను, ఎందుకంటే నా సి-సిరీస్ బండితో సరిగ్గా ఇదే పడ్డాను, గేర్‌బాక్సు విప్పేదాకా వెళ్లాను అనవసరంగా.

ఈ బండ్లలో కార్లలో ఉన్నట్టు క్లచ్ ప్లేటు ఉండదు. బెల్టే క్లచ్. మీరు పెడల్ తొక్కితే బెల్టుని బిగించి ఉంచే చిన్న ఐడ్లర్ పుల్లీ పక్కకి తప్పుకుంటుంది, బెల్టు వదులవుతుంది, ఇంజను పుల్లీ ఆ వదులు బెల్టు లోపల ఊరికే తిరుగుతుంది. అంతవరకు అందరికీ తెలుసు. కానీ ఆ వదులైన బెల్టు ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా. గార్డు లోపలి అంచు బెల్టుకి చాలా దగ్గరగా ఉండి, ఆ వదులు బయటికి జారిపోకుండా ఆపుతుంది. అప్పుడు బెల్టు తిరిగి ఇంజను పుల్లీ వైపు ఉబ్బి, గాడిలోంచి పైకి లేచి పుల్లీని వదిలేస్తుంది. గార్డు లేకపోతే వదులంతా కిందికి వేలాడుతుంది, పుల్లీ దగ్గర మాత్రం బెల్టు గాడిలోనే అంటుకుని రాసుకుంటూ ఉంటుంది, ఆ రాపిడికే గేర్‌బాక్సు ఇన్‌పుట్ తిరుగుతూ ఉంటుంది. ఈ గేర్లకి సింక్రోమెష్, అంటే కార్లలో గేరు వేసేముందు పళ్ల వేగాల్ని సమం చేసే ఏర్పాటు, లేదు; బండి పూర్తిగా ఆగి, ఇన్‌పుట్ నిలబడితేనే గేరు మెత్తగా పడుతుంది. తిరుగుతున్నదాని మీద వేస్తే ఆ కర్రు శబ్దమే.

ఒక పరీక్ష చేయండి. ప్లగ్గు వైరు పీకేసి పక్కన పెట్టండి, ఇది మర్చిపోవద్దు. ఒకరు క్లచ్ తొక్కి పట్టుకుంటే మీరు ఇంజను పుల్లీ దగ్గర బెల్టుని చూడండి. గాడిలో కూర్చునే ఉందా, లేచిందా చెప్పండి.

లెక్కల_మాస్టారు_ఖమ్మం

ఒహాయో తమ్ముడూ, "దూరంగా ఉంచితే చాలు" అన్నావు గానీ ఒక చిన్న లెక్క చూడు. ఆ కోలర్ ఇంజను పూర్తి వేగం నిమిషానికి 3600 చుట్లు, అంటే సెకనుకి 60. పుల్లీ వ్యాసం మూడంగుళాలనుకుందాం, చుట్టుకొలత తొమ్మిదిన్నర అంగుళాలకి కాస్త తక్కువ. 60తో గుణిస్తే సెకనుకి 47 అడుగులు. గంటకి 50 కిలోమీటర్ల పైమాటే. లుంగీ అంచు ఆ బెల్టుకీ పుల్లీకీ మధ్య పడితే, కాలు వెనక్కి తీసుకోవాలన్న ఆలోచన వచ్చేలోపే మూరల కొద్దీ గుడ్డ లోపలికి పోతుంది. మనిషి ప్రతిచర్యకి కనీసం పావు సెకను పడుతుందనుకున్నా ఈలోపు దాదాపు 12 అడుగులు నడుస్తుంది బెల్టు.

నల్గొండ_రైతుబిడ్డ

నేను మామూలుగా ఇక్కడ చదవడమే గానీ రాయను. ఇది చూశాక రాయాలనిపించింది.

మా బాబాయి, నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు, వేరుశనగ నూర్చే మిషనుకి ట్రాక్టరు పీటీవో తగిలించి నడిపిస్తున్నాడు. పీటీవో అంటే ట్రాక్టరు వెనక తిరిగే ఇరుసు, నిమిషానికి 540 చుట్లు, సెకనుకి తొమ్మిది. ఆ ఇరుసు మీద ఉండాల్సిన ప్లాస్టిక్ గొట్టం, పైనుండే రేకు గార్డు రెండూ తీసేసి ఉన్నాయి, గ్రీజు కొట్టడానికి అడ్డమని. మెడలో తువ్వాలు వేసుకుని వంగాడు. అంతే. పక్కనే ఉన్న మా అన్న ఇంజను ఆపేసరికి చేయి మోచేతి దాకా అయిపోయింది. బతికాడు, ఇప్పటికీ ఎడమ చేత్తోనే అన్నం తింటాడు. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాక నేను షెడ్డులో చూస్తే ఆ రేకు గార్డు అక్కడే ఉంది, గోడకి ఆనించి, దాని మీద కోడి పడుకుని ఉంది. నాలుగు బోల్టుల పని.

మీ నాన్నగారు ఆ బండి ఎక్కేముందు గార్డు పెట్టండి అన్నా, దండం పెడతా.

పెరటితోట_ఇండియానా

చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను తమ్ముడూ. బాబాయిగారికి నా నమస్కారం చెప్పండి. బండి తాళం ఇప్పుడు నా జేబులో ఉంది, గార్డు పెట్టేదాకా స్టార్ట్ చేయను, నాన్నగారికి కూడా చెప్పాను. మొదట "మనూళ్లో ఎన్ని చూడలేదు" అన్నారు, మీ పోస్టు చదివి వినిపించాను, ఇంకేం మాట్లాడలేదు.

మిషిగన్ గారూ, మీరు చెప్పిన పరీక్ష చేశాం. ప్లగ్గు వైరు తీసి, నాన్నగారు క్లచ్ తొక్కితే నేను టార్చి పట్టుకుని చూశాను. బెల్టు కింది భాగం రెండంగుళాలు వేలాడింది, ఇంజను పుల్లీ దగ్గర మాత్రం గాడిలోనే కూర్చుని ఉంది, వేలితో లాగితే తప్ప లేవలేదు. దానికి తోడు పుల్లీ వెనక ఫ్రేము మీద నల్లటి మెత్తని పొడి ఒక గీతలా పేరుకుని ఉంది, చేత్తో తుడిస్తే రబ్బరు వాసన. బెల్టు అరిగి రాలిన పొడే అది. ఇన్నాళ్లూ గ్రీజు మురికి అనుకున్నాను.

మిషిగన్_ఎర్రబండి

అదే. ఆ పొడే సాక్ష్యం. గార్డు పెట్టండి, గేర్‌బాక్సు ముట్టుకోవద్దు. బెల్టు కూడా కొత్తది వేయండి, అరిగి సన్నబడిన బెల్టు మీద కొత్త గార్డు సర్దితే రేపు బెల్టు మార్చినప్పుడు మళ్లీ మొదటికొస్తుంది.

ఒహాయో_గడ్డికోత

నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఈ రోజు షెడ్డులో వెతికి నా బండి కవరు బయటికి తీశాను, ఒక మూల తుప్పు పట్టింది, మిగతాది బాగానే ఉంది. ఆదివారం పెట్టేస్తాను. మా వాడికి ఎనిమిదేళ్లు, గడ్డి కోస్తుంటే వెనకే తిరుగుతాడు.

పెన్సిల్వేనియా_పాతసామాను

కొనే దారి నేను చెప్తా. మొదట సీటు కింద గానీ డాష్ దగ్గర గానీ మోడల్ నంబరు చూసుకోండి. వీల్ హార్స్ మీ రాష్ట్రం బండే, ఇండియానాలో సౌత్ బెండ్‌లో పాండ్ కుటుంబం 1946లో మొదలుపెట్టిన కంపెనీ. 1974లో అమెరికన్ మోటార్స్ చేతికి వెళ్లింది, 1986లో టోరో కొనేసింది. టోరో వాళ్ల సైటులో ఆ మోడల్ నంబరు కొడితే పాత విడిభాగాల పుస్తకం ఉచితంగా వస్తుంది, అందులో మీ గార్డు బొమ్మ, పార్టు నంబరు ఉంటాయి. కొత్తది దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు, కానీ ఆ నంబరు చేతిలో ఉంటే పాత బండ్లు విప్పి అమ్మేవాళ్లని సరిగ్గా అడగొచ్చు. గేర్ల బండి గార్డూ ఆటోమేటిక్ బండి గార్డూ ఒకటి కాదు, ఫొటో చూసి మోసపోకండి, రెండూ ఎర్రగా పొడుగ్గానే ఉంటాయి. బోల్టు రంధ్రాల మధ్య దూరం కొలిచి అడగండి.

జూన్‌లో ఇక్కడ గెటిస్‌బర్గ్ దగ్గర ఆరెండ్స్‌విల్‌లో వీల్ హార్స్ వాళ్ల మేళా జరుగుతుంది, నేలమీద దుప్పట్లు పరిచి పాత పార్టులు అమ్ముతారు. నేను వెళ్తాను, కావాలంటే వెతుకుతా. కానీ మీ నాన్నగారు జూన్ దాకా ఆగుతారా అన్నది వేరే విషయం.

పెరటితోట_ఇండియానా

ఆగరు. మే నెలలోనే బెండ విత్తాలట. ఆన్‌లైన్‌లో ఒకటి కనిపించింది గానీ కొలతలు అడిగితే అమ్మేవాడు జవాబివ్వలేదు. నేనే చేద్దామనుకుంటున్నాను. నా దగ్గర డ్రిల్, చిన్న గ్రైండర్, బెంచి వైస్ ఉన్నాయి. వెల్డింగ్ రాదు. మందపాటి ప్లాస్టిక్ షీటు గానీ ప్లైవుడ్ గానీ వాడొచ్చా?

రేకుపని_సికింద్రాబాద్

ప్లైవుడ్ వద్దు సార్. ఇంజను వేడి, నూనె, తడి మూడూ తగిలితే పొరలు లేస్తుంది, లేచిన పొర బెల్టుకే తగులుతుంది. ప్లాస్టిక్ వేడికి వంగుతుంది, సైలెన్సర్ దగ్గర్లో ఉంటే చెప్పక్కర్లేదు. పైగా మిషిగన్ సార్ చెప్పినట్టు ఈ గార్డు బెల్టుని ఆపాలి కదా, వంగిపోయే వస్తువు ఎలా ఆపుతుంది. రేకే పెట్టండి.

నేను 26 ఏళ్లుగా డక్టు పని, మిషను కవర్ల పని చేస్తున్నా, నా పద్ధతి చెప్తా. 16 గేజి సిఆర్ షీటు, అంటే పూత లేని మామూలు ఉక్కు రేకు, తీసుకోండి, ఒకటిన్నర మిల్లీమీటరు మందం. 18 గేజి అయితే చేత్తో వంచడం సులువు గానీ ఇంజను వణుకుడికి డబడబలాడుతుంది. జింకు పూత ఉన్న జిఐ షీటు కూడా పనికొస్తుంది, కానీ దాన్ని ఎవరి చేతైనా వెల్డింగ్ చేయిస్తే జింకు పొగ వస్తుంది, అది పీలిస్తే ఆ రాత్రి చలిజ్వరం పట్టుకుంటుంది, నాకే వచ్చింది చిన్నప్పుడు. కాబట్టి వెల్డింగ్ ఉంటే సిఆర్ షీటే.

రేకు ముట్టుకునే ముందు అట్ట. బిస్కెట్ పెట్టెలు, పార్సిల్ అట్టలు ఏవైనా సరే. బండి మీద పట్టుకుని, రెండు పుల్లీలనీ కప్పేలా కోయండి, బోల్టు రంధ్రాలు పెన్సిల్‌తో అట్ట మీదకి ఎక్కించండి. మడత గీతలు వేసి అట్టని మడిచి, టేపు వేసి బండికే బిగించి చూడండి. క్లచ్ తొక్కండి, వదలండి, స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పండి. ఐడ్లర్ కదిలే దారిలో అట్ట తగిలితే అక్కడ కోయండి. నేను ఒక్కో కవరుకి రెండు మూడు అట్టలు పాడుచేస్తాను, అట్ట చవక, రేకు కాదు. అట్ట నచ్చాక దాన్ని విప్పి పరిచి రేకు మీద గీయండి.

వంచడానికి మిషను లేకపోతే రెండు ఇనప యాంగిల్స్ మధ్య రేకుని ఇరికించి సి-క్లాంపులతో బిగించి, మడత గీత దగ్గర చెక్క దిమ్మ పెట్టి దాని మీద సుత్తితో కొట్టండి. ఒకే చోట గట్టిగా కొట్టొద్దు, ఆ చివర నుంచి ఈ చివరకి కొద్దికొద్దిగా పోతూ ఉంటే మడత తిన్నగా వస్తుంది. సుత్తి నేరుగా రేకు మీద పడితే గుంటలు పడతాయి. మూలలు వెల్డింగ్ చేయలేకపోతే చిన్న చెవి వదిలి రివెట్లు కొట్టండి, అదీ గట్టిగానే ఉంటుంది.

ఒక్కటి మాత్రం దయచేసి వదిలేయొద్దు. కోసిన అంచు కత్తి లాంటిది. అరంగుళం లోపలికి పూర్తిగా మడిచేయండి, మా దగ్గర సేఫ్ అంచు అంటాం. అది మీ వేళ్లనీ కాపాడుతుంది, రేకుకి బలం కూడా ఇస్తుంది. మడవలేని చోట ఆకురాయితో గుండ్రంగా రుద్దండి.

మిషిగన్_ఎర్రబండి

రేకుపని గారూ, మీ పోస్టు దాచుకుంటున్నా. ఒక్క మాట కలుపుతా. బోల్టు రంధ్రాలు గుండ్రంగా కాకుండా కొంచెం పొడుగ్గా, గాడిలా చేయండి, గార్డుని ముందుకీ వెనక్కీ జరిపి సర్దుకోవచ్చు. క్లచ్ వదిలి ఉన్నప్పుడు, అంటే బెల్టు బిగువుగా ఉన్నప్పుడు, బెల్టుకీ గార్డు లోపలి అంచుకీ మధ్య నేను మూడు మిల్లీమీటర్లు వదిలాను. నడిచేటప్పుడు తగలకూడదు, తొక్కినప్పుడు తప్పకుండా ఆనాలి. ఇంకా ఎక్కువ ఖాళీ ఉంటే క్లచ్ మళ్లీ వదలదు. ముందు బోల్టు బిగించి, వెనకది వదులుగా ఉంచి, సన్నటి అట్టముక్కలు మధ్యలో పెట్టి కొలుచుకోండి.

తెనాలి_టిల్లర్‌మెకానిక్

మా ఊరి పక్కవాళ్లే అన్నమాట! పెరటితోట బాబూ, నేను పవర్ టిల్లర్లు బాగుచేస్తాను. ఇంజను నుంచి గేర్‌బాక్సుకి మూడు వి-బెల్టులు, అదే కథ. నా దగ్గరకొచ్చే పదింటిలో సగానికి కవరు ఉండదు. బెల్టు ఒకసారి మార్చి బోల్టు పోతే ఇక కవరు పక్కన పడేస్తారు. అందుకే నా పద్ధతి ఏంటంటే, కవరు బోల్టులకి తల పెద్దగా ఉండే బోల్టు వేసి, నట్టుని ఫ్రేము వెనక వెల్డింగ్ పెట్టేస్తా. ఒక్క పానాతో ముప్పై సెకన్లలో ఊడాలి, బిగించాలి. తీయడం కష్టమైతే రైతు పెట్టడు. పానా లేకుండా చేత్తో ఊడే రెక్కల నట్టు మాత్రం వేయొద్దు, పాప చేతికి కూడా వస్తుంది.

మీ నాన్నగారికి నా తరఫున చెప్పు, లుంగీ దున్నేటప్పుడు వద్దని. మా దగ్గర కాళ్లు తడవకుండా లుంగీ పైకి మడుస్తారు, ఆ మడత ఊడిపోయేది సరిగ్గా గేరు మార్చేటప్పుడే.

పెరటితోట_ఇండియానా (తొమ్మిది రోజుల తర్వాత)

అయింది. వివరంగా రాస్తాను, ఇంకెవరికైనా పనికొస్తుంది.

అట్ట మూడుసార్లు కోశాను. మొదటిది ఐడ్లర్‌కి తగిలింది, రెండోది సరిపోయింది గానీ వెనక పుల్లీ కింది సగం బయటికి కనిపించింది, నాన్నగారే పట్టుకున్నారు. "కింద నుంచి గడ్డి దూరి చుట్టుకుంటుంది, అది కూడా మూయరా" అన్నారు. మూడో అట్ట ఆయనే కోశారు. 16 గేజి రేకు దొరికింది, రెండు యాంగిల్స్ అరువు తెచ్చుకుని పక్కింటాయన వైస్ కూడా పట్టుకొచ్చి వంచాం. చెక్క దిమ్మ మీద సుత్తితో కొట్టడం నాన్నగారు, రేకు పట్టుకోవడం నేను. మొదటి మడత చివర కొంచెం వంకర వచ్చింది, రెండోది గీత గీసినట్టు వచ్చింది. అంచులు అరంగుళం లోపలికి మడిచాం, మూలలకి రివెట్లు. రంధ్రాలు పొడుగు చేయడానికి పక్కపక్కనే రెండు డ్రిల్ వేసి మధ్య ముక్క ఆకురాయితో తీశాను, దానికే గంట పట్టింది.

కొత్త బెల్టు వేసి గార్డు పెట్టాక ప్లగ్గు వైరు తీసి మళ్లీ అదే పరీక్ష. క్లచ్ తొక్కగానే బెల్టు గార్డుకి ఆని, ఇంజను పుల్లీ మీద నుంచి లేచింది, కింద వెలుతురు కనిపించింది. తర్వాత స్టార్ట్ చేసి, తొక్కి, మూడు లెక్కపెట్టి గేరు వేశాను. చప్పుడు లేదు. ఊరికే పడింది. నాన్నగారు ప్యాంటు, బూట్లు వేసుకుని శనివారం పెరడంతా దున్నారు, పాప వరండా మెట్ల మీద నుంచి కదలకూడదని ఒప్పందం.

ఒక్కటే మిగిలింది. ఇంజను నిదానంగా తిరిగేటప్పుడు గార్డు సన్నగా గీమంటోంది, వేగం పెంచితే పోతుంది.

రేకుపని_సికింద్రాబాద్

చాలా సంతోషం సార్. పెద్దాయన కోసిన అట్ట పారేయకండి, గోడకి మేకు కొట్టి తగిలించండి. ఆ శబ్దం రేకు ఫ్రేముకి తగిలి వచ్చేది. బోల్టు దగ్గర పాత ట్యూబు ముక్క కోసి వాషరులా పెట్టండి, ఇటు ఒకటి అటు ఒకటి. రబ్బరు మందం వల్ల గార్డు జరుగుతుంది కాబట్టి ఆ మూడు మిల్లీమీటర్లు మళ్లీ కొలవండి.

నల్గొండ_రైతుబిడ్డ

బాబాయికి చదివి వినిపించా అన్నా. నవ్వాడు. బెండ కాసినప్పుడు ఫొటో పెట్టమన్నాడు.

పెరటితోట_ఇండియానా

తప్పకుండా పెడతాను తమ్ముడూ. రేకుపని గారూ, సైకిల్ ట్యూబు ముక్కలు పెట్టాను, శబ్దం పోయింది. ఖాళీ కొలిస్తే నాలుగు వచ్చింది, వెనక బోల్టు వదులు చేసి మూడుకి తెచ్చాను. గోంగూర మొలకలు వచ్చాయి, బెండ విత్తనాలు నిన్న సాయంత్రమే పెట్టాం.